బొబ్బిలి కోటలోంచి బయటికొచ్చిన పిల్లాడు

మా అమ్మాయి అయిదో తరగతి. ఈ ఏడాది వాళ్ళ స్కూల్లో 'నంబర్ ద స్టార్స్' అనే నవల చదివించారు. లోయిస్ లౌరీ అనే ఆవిడ 1989లో రాసింది. మేముండేది డాలస్ పక్కన కాబట్టి ఇది ఇక్కడి పిల్లలకి మామూలే. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఈ పుస్తకం అట్ట నలిగిపోయి కనబడుతుంది. నేనూ ఒక శనివారం మధ్యాహ్నం, ప్రొడక్షన్ సపోర్ట్ కాల్‌లో మ్యూట్‌లో కూర్చుని, చదివేశాను. (మా మేనేజర్‌కి తెలుగు రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా :-))

అక్కడితో ఆగిపోయుంటే ఈ టపా ఉండేది కాదు. మొన్న సెలవులకి కామవరపుకోట వెళ్ళినప్పుడు, జంగారెడ్డిగూడెం రోడ్డు మీద కారులో ఉండగా అడిగింది - "నాన్నా, మన ఊరికి వార్ రాలేదా?" అని. నేను తడుముకోకుండా "లేదమ్మా, మనది చాలా ప్రశాంతమైన ఊరు" అనేశాను. ముందు సీట్లో కూర్చున్న మా నాన్నగారు వెనక్కి తిరిగి "ఎవడు చెప్పాడురా రాలేదని?" అన్నారు.

అదీ సంగతి. అప్పట్నుంచీ ఈ విషయం నన్ను వదల్లేదు.

ముందు ఆ నవల గురించి రెండు ముక్కలు, చదవనివాళ్ళ కోసం. 1943, కోపెన్‌హాగన్. జర్మన్ సైన్యం ఆక్రమించిన డెన్మార్క్. ఆనెమరీ అనే పదేళ్ళ పిల్ల. ఆమె స్నేహితురాలు ఎలెన్ యూదుల పిల్ల. యూదుల్ని పట్టుకుపోతారని తెలిసి ఆనెమరీ అమ్మానాన్నలు ఎలెన్‌ని తమ కూతురే అని చెప్పి ఇంట్లో దాస్తారు. చివర్లో ఆనెమరీ ఒక బుట్టలో రొట్టె కింద చిన్న పొట్లం పెట్టుకుని, అడవి దారిన ఒక్కతే పరిగెత్తుకుంటూ వెళ్ళి మేనమామ పడవకి అందిస్తుంది. ఆ పొట్లంలో ఉన్నది ఒక చేతిరుమాలు. వాసన చూసి మనుషుల్ని పట్టే పోలీసు కుక్కల ముక్కు మొద్దుబారిపోయేలా దానికి మందు పట్టించారు. ఈ రుమాళ్ళ సంగతి కల్పన కాదు, నిజంగా వాడారని రచయిత్రే పుస్తకం చివర రాసింది. ఆ అక్టోబర్ నెలలో ఏడువేల మంది పైచిలుకు డానిష్ యూదులు చేపల పడవల్లో సముద్రం దాటి స్వీడన్ చేరారు. ఇది చరిత్ర.

గమనించాల్సిందేంటంటే, ఆ పిల్ల కత్తి పట్టలేదు. తను ఏం మోసుకెళ్తోందో కూడా ఆమెకి తెలీదు. తెలియకపోతేనే ధైర్యంగా ఉండటం తేలిక అని మేనమామ అంటాడు. యుద్ధంలో పిల్లల పాత్ర అంటే అంతే. ఒక బుట్ట, ఒక పరుగు, ఒక అబద్ధం. కానీ కథంతా దాని మీదే నిలబడుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనం చిన్నప్పుడు యుద్ధం కథలు చదవలేదా? బోలెడు చదివాం. చందమామ లేకుండా పెరిగినవాళ్ళు మన తరంలో తక్కువ. 1947 జులైలో మొదలైన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావు గారు దాదాపు మూడు దశాబ్దాలు దాన్ని చూసుకున్నారు. భువనసుందరి పేరుతో ట్రాయ్ యుద్ధాన్ని, రూపధరుని యాత్రలు పేరుతో ఒడిస్సీని మనకి ఇచ్చింది ఆ పత్రికే. ఇంజనీరింగ్‌లో ఉండగా హోమర్ ఇంగ్లీషు అనువాదం తిరగేసి "ఇది మన చందమామ కథ కదా" అని ఆశ్చర్యపోయిన వెధవని నేనే. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, మకరదేవత, రాతిరథం సరే సరి.

కానీ ఆ కథల్లో సైన్యాలున్నాయి, సేనాపతులున్నారు, రాజకుమారుడున్నాడు. పదేళ్ళ పిల్ల లేదు. ఉన్నా రాకుమారి చెలికత్తె కూతురుగానో, మాంత్రికుడు ఎత్తుకుపోయిన పిల్లగానో ఉంటుంది. పెద్దవాళ్ళ చారిత్రక నవలలూ అంతే. అడవి బాపిరాజు గారి గోన గన్నారెడ్డిని పదిహేనేళ్ళప్పుడు చదివి వారం రోజులు గుర్రం మీదే తిరిగాను (మనసులో). అందులో అందరూ వీరులే. ఆ యుద్ధాల్లో ఊళ్ళు ఖాళీ చేసి పోయినవాళ్ళ పిల్లలు ఏం తిన్నారో ఎవరూ రాయలేదు.

దీనికి ఉదాహరణగా బొబ్బిలిని మించింది లేదు. 1757 జనవరి 24. బుస్సీ ఫిరంగులు ఒకవైపు, విజయనగరం విజయరామరాజు సైన్యం ఇంకోవైపు. కోట నిలబడదని తేలిపోయాక రంగారావు లోపలున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ శత్రువు చేతికి చిక్కకుండా చంపెయ్యమన్నాడు. ఇళ్ళకి నిప్పు పెట్టారు. తర్వాత కథ అందరికీ తెలుసు. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు. బుర్రకథ, పాట, 1964లో ఒక సినిమా, 1986లో ఇంకో సినిమా. మా ఊళ్ళో దసరాకి బొబ్బిలి కథ చెప్పిస్తే జనం తెల్లారేదాకా కదిలేవాళ్ళు కాదు.

అయితే కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఇదే యుద్ధం గురించి రాస్తూ ఒక చిన్న సంగతి చెప్తాడు. పోరు ముగిసి, కోటంతా శవాలతో, పొగతో నిండి ఉన్నప్పుడు ఒక ముసలాయన ఒక పిల్లాడిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చి లా అనే ఫ్రెంచి అధికారి ముందు నిలబెట్టాడట. ఇతను రంగారావు కొడుకు, తండ్రి మాటకి ఎదురెళ్ళి నేను బతికించాను అన్నాడట. బొబ్బిలి వంశం తర్వాత ఆ పిల్లాడితోనే నిలబడింది.

నాకు ఈ నాలుగు వాక్యాలు చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. కాస్త ఆలోచించండి. రాజు ఆజ్ఞ - పిల్లల్ని చంపెయ్యమని. మిగతా అందరూ పాటించారు. ఒక్క ముసలాయన పాటించలేదు. ఇంత ఆజ్ఞాభంగం చేసి, పిల్లాడిని ఎక్కడ దాచాడు? ఆ మంటల్లో నోరు మూసి పట్టుకున్నాడా? పిల్లాడు అమ్మ కోసం ఏడ్చాడా? బయటికి తీసుకెళ్తే ఫ్రెంచివాళ్ళు చంపరని నమ్మకం ఏంటి? ఇది నవల కాదా! పాపారాయుడి పేరు మూడేళ్ళ పిల్లాడికీ తెలుసు. ఈ ముసలాయన పేరు నాకు తెలీదు, ఇన్ని బొబ్బిలి కథలు విన్నా ఒక్కదాంట్లోనూ ఆయన ముఖ్యపాత్ర కాదు. ప్రతీకారం తీర్చుకున్నవాడు హీరో, బతికించినవాడు సైడ్ క్యారెక్టర్ కూడా కాదు.

అంటే నేను పాపారాయుడిని తక్కువ చేస్తున్నానని కాదు, బొబ్బిలివాళ్ళు కోప్పడకండి. పిల్లల కోసం రాసేవాడు ఎక్కడ నిలబడి చూడాలి అన్నదే నా ప్రశ్న. కోట బురుజు మీదా? లేక ఆ పిల్లాడి ఎత్తులోనా?

ఇక మా వైపు సంగతి. నాన్నగారు కారులో మొదలుపెట్టి ఇంటికి చేరేదాకా ఆపలేదు. రిటైరైన సోషల్ మాస్టారు, ఆపమన్నా ఆపరు.

కొల్లేటితో మొదలుపెట్టారు. ఐహోళెలో రెండో పులకేశి శాసనం ఉంది, రవికీర్తి అనే కవి రాసింది, క్రీ.శ. 634-35. పులకేశి పిష్టపురం అంటే మన పిఠాపురం గెలిచాక, కునాల అనే సరస్సు నీళ్ళు చచ్చిన మనుషుల నెత్తురుతో ఎర్రబడ్డాయని అందులో వర్ణన ఉంది. ఆ కునాల కొల్లేరే అని చరిత్రకారులు చెప్తారు. ఇవాళ మనం చేపల చెరువులు, పెలికాన్‌ల కోసం వెళ్ళే ఆ కొల్లేరు. ఆ యుద్ధం తర్వాతే పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో పాతుకుపోయాడు. వేంగి అంటే ఏలూరు పక్కనున్న పెదవేగి. తెలుగు రాజ్యాల చరిత్రలో అంత పెద్ద మలుపు మా జిల్లాలో తిరిగింది. శాసనంలో రాజు ఉన్నాడు, ఏనుగులు ఉన్నాయి, ఎర్రటి నీళ్ళు ఉన్నాయి. ఆ నీళ్ళలో వల వేసుకుని బతికేవాళ్ళు లేరు.

తర్వాత కొల్లేటికోట కథ. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యం. కానీ కొల్లేటి లంకల్లో అందరికీ తెలిసిందే. గజపతుల సేనాపతి కొల్లేటి మధ్యలో కోటలో ఉన్నాడు. శత్రువులు ఒడ్డున చిగురుకోట దగ్గర దిగారు. చుట్టూ నీళ్ళు, కోట దగ్గరికి పోలేరు. అప్పుడు సరస్సు నీళ్ళన్నీ సముద్రంలోకి పోయేలా కాలవ తవ్వడం మొదలుపెట్టారు. ఇవాళ్టి ఉప్పుటేరు అదే అంటారు. కోటలో ఉన్న సేనాపతి దేవతల అనుగ్రహం కోసం సొంత కూతుర్ని బలి ఇచ్చాడు. అందుకే ఆ కాలవకి పేరంటాల కనమ అని పేరొచ్చిందట. (శత్రువు తవ్విన కాలవకి ఈవిడ పేరు ఎందుకు పెట్టారని నాకూ డౌటే. ఐతిహ్యంలో లాజిక్ వెతికితే దొరకదు, డీబగ్ చెయ్యకండి.)

మా అమ్మాయి వెనక సీట్లోంచి అంది - "వాట్ వాజ్ హర్ నేమ్?"

పేరంటాలు అని నాన్నగారు అన్నారు. అది పేరు కాదు కదా, చనిపోయి దేవతైన ముత్తైదువని అలా అంటారు, బిరుదులాంటిది. చిన్నప్పుడు పెద్దింట్లమ్మ జాతరకి వెళ్ళినప్పుడల్లా ఈ కథ విన్నాను. ఒక్కసారి కూడా ఆ పిల్ల పేరేంటని నాకు తోచలేదు. ఆ కథలో కష్టం అంతా తండ్రిదే అనిపించేది. ఎంత త్యాగం చేశాడో పాపం అని! గ్రీకుల కథలో కూడా అంతే, ఓడలకి గాలి రావాలని అగమెమ్నాన్ కూతుర్ని బలి ఇస్తాడు. కానీ అక్కడ ఆ పిల్లకి ఇఫిజనియా అని పేరుంది, ఆ పిల్ల ఏమనుకుందో నాటకాలు రాశారు. మనం గుడి కట్టి దండం పెట్టేశాం.

మా అమ్మాయి వయసు పదిన్నర. ఆ ప్రశ్న అడిగాక కాసేపు కిటికీలోంచి పామాయిల్ తోటలు చూస్తూ కూర్చుంది. నేను అద్దంలో చూసి మాట మార్చేశాను. ఏం చెప్పాలో తెలీక మార్చాను, వేరే గొప్ప కారణం ఏం లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. మన్యం వైపు బుట్టాయగూడెం మాకు ఎంతో దూరం కాదు. 1858లో కంపెనీ మీద తిరగబడ్డ కారుకొండ సుబ్బారెడ్డిని అక్కడే ఉరితీశారు. సిపాయిల తిరుగుబాటు అంటే మీరట్, ఝాన్సీ అని బట్టీపట్టి పదిలో తొంభై మార్కులు తెచ్చుకున్నాను. పక్క మండలం సంగతి సిలబస్‌లో లేదు.

అన్నట్టు గుంటుపల్లి గుహలు ఉన్నది మా కామవరపుకోట మండలంలోనే. మర్నాడు తీసుకెళ్ళాం. మెట్లెక్కుతూ నాన్నగారు అక్కడి శాసనం గురించి చెప్పారు. రాజు పేరు సిరిసద, తనని తాను కళింగ మహిషకాధిపతి అని చెప్పుకున్నాడు. ఎన్ని యుద్ధాలు చేస్తే ఆ బిరుదొచ్చిందో! కానీ మండపం కట్టించింది రాజు కాదు, చుళగోమ అనే ఆయన దగ్గరి లేఖకుడు. అంటే మనలాగా కూర్చుని టైపు కొట్టుకునే ఉద్యోగి. రెండువేల ఏళ్ళ తర్వాత రాజు పేరుతో పాటు అతని పేరూ మిగిలింది. అసలు ఉద్యోగులకి ఇలాంటి అప్రైజల్ కావాలి :-)

సరే, అసలు యుద్ధానికి వస్తాను. మన తాతల కాలంలో వచ్చిన యుద్ధం.

తాడేపల్లిగూడెంలో రన్‌వే ఉంది. అక్కడివాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళు ఆశ్చర్యపోతారు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు కట్టింది. ఎందుకంటే జపాన్ మన గుమ్మంలోకి వచ్చింది కాబట్టి. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మార్చికల్లా రంగూన్ పడిపోయింది. అక్కడ మనవాళ్ళు, కోరంగి రేవు నుంచి ఓడెక్కారని బర్మావాళ్ళు కోరంగీలు అని పిలిచిన తెలుగువాళ్ళు, లక్షలమంది ఇతర భారతీయులతో కలిసి అడవుల్లో, కొండల్లో నడిచి వచ్చారు. దారిలో జ్వరాలకీ ఆకలికీ వేలమంది పోయారు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. పోయిన ప్రాణాలు కొద్దే, భయం మాత్రం కోస్తా అంతా పాకింది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుంచి గుంటూరుకి మార్చేశారు. మద్రాసులో ప్రభుత్వ ఆఫీసులు లోపలి ఊళ్ళకి పోయాయి. బాంబులు పడి బోన్లు పగిలితే ఊరి మీద పడతాయని జూలో క్రూరమృగాల్ని కాల్చేశారు. బర్మా బియ్యం ఆగిపోయింది, ఆ మరుసటి ఏడే బెంగాల్ కరువు.

మద్రాసు జూలో సింహాన్ని చూడ్డానికి నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళిన పిల్లాడు ఒకడు ఉండే ఉంటాడు. రంగూన్ నుంచి నడిచొచ్చిన పిల్ల ఒకతి ఉండే ఉంటుంది. ఇంగ్లీషులో ఇలాంటి ఒక్కో సంఘటనకీ ఒక షెల్ఫు పుస్తకాలున్నాయి. తెలుగులో పిల్లలు చదివేలా ఒక్క నవల కూడా నా చేతికి ఇప్పటిదాకా రాలేదు. మీకు తెలిస్తే దయచేసి చెప్పండి, కొరియర్ ఖర్చులు నావి.

అసలు తెలుగులో పిల్లల కళ్ళతో యుద్ధాన్ని చూడలేదా అంటే, చూశాం, కానీ అనువాదాల్లో. విశాలాంధ్ర వ్యాన్‌లో కొన్న రష్యన్ పుస్తకాలు గుర్తున్నాయా? చింగీజ్ ఐత్‌మాతొవ్ జమీల్యాలో మగవాళ్ళంతా యుద్ధానికి పోతే ఒక కుర్రాడు, వాళ్ళ వదిన, గాయపడి తిరిగొచ్చిన ఒక సైనికుడు ధాన్యం బళ్ళు తోలుతుంటారు. యుద్ధం ఎక్కడో ఉంటుంది, బస్తాల బరువు ఇక్కడ ఉంటుంది. తర్వాత రైలుబడి. అది నవల కాదు, తెత్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసుకున్నది. అందులో స్టేషన్లో డబ్బులు వేస్తే కారమెల్ చాక్లెట్లు ఇచ్చే మిషన్ ఒకటుంటుంది. ఒకరోజు నుంచి దాంట్లో కారమెల్‌లు రావు. ఆ పిల్లకి యుద్ధం అలా మొదలైంది. చివరికి 1945లో బడి మీద బాంబులు పడి తగలబడిపోతుంది.

గమ్మత్తేంటంటే విశాఖ మీద బాంబులేసిన దేశపు పిల్ల ఏం పోగొట్టుకుందో మన పిల్లలకి తెలుసు. విశాఖ పిల్ల సంగతి తెలీదు.

ఎందుకిలా? నాకు తోచింది చెప్తా. ఏ చారిత్రక నవలైనా అది రాసిన కాలం గురించే ఎక్కువ చెప్తుంది. అమెరికా స్వాతంత్ర్యయుద్ధం మీద పిల్లలకి రెండు ప్రసిద్ధ నవలలున్నాయి. జానీ ట్రెమైన్ 1943లో వచ్చింది, రెండో ప్రపంచయుద్ధం మధ్యలో. అందులో స్వాతంత్ర్యం కోసం పోరాడటం మీద సందేహం లేదు. మై బ్రదర్ సామ్ ఈజ్ డెడ్ 1974లో వచ్చింది, వియత్నాం రోజుల్లో. అందులో అన్న సామ్‌ని కాల్చి చంపేది శత్రువు కాదు, చెయ్యని పశువుల దొంగతనం మోపి సొంత సైన్యమే చంపుతుంది. అదే యుద్ధం, రెండు కాలాలు. మన చారిత్రక నవల గట్టిగా ఊపందుకున్నది జాతీయోద్యమం రోజుల్లో. మనకి అప్పుడు కావాల్సింది వీరులు. రుద్రమ కావాలి, గన్నారెడ్డి కావాలి. అది తప్పు కాదు, అవసరం. కానీ స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయినా పిల్లల పుస్తకాల్లో మనం ఆ బురుజు దిగలేదు. పైగా 1942 మనకి ఇబ్బందికరమైన యుద్ధం. బాంబులేసినవాడు శత్రువా? పాలించేవాడు శత్రువా? జైల్లో ఉన్న నాయకులు ఒకటి, సైన్యంలో చేరిన కుర్రాళ్ళు ఒకటి, బోసు గారు ఒకటి. మన వైపు ఎవరో తేలని కథ పిల్లలకి చెప్పడం కష్టం అనుకుని వదిలేశాం. నిజానికి అలాంటివే పిల్లలకి బాగా అర్థమవుతాయని నా అనుమానం. ఇంట్లో అమ్మానాన్నలు పోట్లాడుకుంటే ఎవరి వైపో తేల్చుకోలేకపోవడం వాళ్ళకి రోజూ అలవాటే.

చివరికి మా మామ్మ దగ్గరికి వచ్చాం. నాన్నగారి అమ్మ. తొంభై దాటింది. 1942లో ఆవిడ వయసు తొమ్మిది, ఆనెమరీ కంటే ఒక ఏడు చిన్న. తాతయ్య బతికుండగా యుద్ధం రోజుల గురించి చాలా చెప్పేవాడు, కంట్రోలు బట్ట, కిరసనాయిలు కోసం క్యూలు, రాత్రిళ్ళు దీపాలు ఆర్పెయ్యడం. నేను అప్పుడు కంప్యూటర్ గేమ్స్ ఆడుకుంటూ ఊఁ కొట్టాను. ఒక్క ముక్క రాసుకోలేదు. ఇప్పుడు మిగిలింది మామ్మ.

మా అమ్మాయి నోట్‌బుక్ తెచ్చుకుని మంచం మీద పక్కన కూర్చుంది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. నేను మధ్యలో ట్రాన్స్‌లేటర్‌ని.

మామ్మ చెప్పింది - కాకినాడ మీద బాంబులు పడ్డాయని వాళ్ళ దూరపు బంధువుల కుటుంబం బండి కట్టుకుని వీళ్ళింటికొచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక పసివాడు, మామ్మ ఈడుదే ఒక పిల్ల. కొన్ని నెలలున్నారు. "పాపం అని జాలిపడ్డారా మామ్మా?" అని అడిగాను, నవలలు చదివిన వెధవని కదా. మామ్మ నవ్వింది. "జాలి ఎక్కడిదిరా! నా పక్క దానికి సగం ఇమ్మన్నారు. మా అమ్మ నా మజ్జిగలో నీళ్ళు పోసి దానికీ పోసేది. ఎప్పుడు పోతుందా ఈ పిల్ల అని రోజూ చూసేదాన్ని" అంది.

ఆ పిల్ల రాత్రిళ్ళు ఏదన్నా చప్పుడైతే దుప్పట్లోంచి మామ్మ చెయ్యి గట్టిగా పట్టుకునేదట. మామ్మకి చెమట పట్టి చిరాకేసి విదిలించుకునేదట. తర్వాత ఒకరోజు బండి కట్టారు, వెళ్ళిపోయారు. పీడా పోయిందనుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదంది. మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మా అమ్మాయి పెన్ను పట్టుకుని మళ్ళీ అదే ప్రశ్న వేసింది. పేరేంటి అని. మామ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. సీతో, సత్యమో, గుర్తు రావట్లేదమ్మలూ అంది. మేం లేచి భోజనాలకి వెళ్ళిపోయాం.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఉన్నట్టుండి అంది - "పేరు రావట్లేదు గానీ, నా జడకుచ్చులు మాత్రం పట్టుకుపోయింది. ఎర్రవి. మా నాన్న ఏలూరులో కొన్నాడు."

మా అమ్మాయి అది రాసుకుంది.